ఘాట్ రోడ్డెక్కి వచ్చినవాళ్లు: మన్యంలో పర్యాటకం వెనుక చరిత్ర

పర్యాటకం మన ఊళ్లకు కొత్తగా వచ్చిందని అందరూ అంటారు. లంబసింగి చలి, వనజంగి మేఘాలు సెల్‌ఫోన్లలో కనపడ్డాకే జనం రావడం మొదలైందని మన పిల్లలు కూడా నమ్ముతున్నారు. నిజానికి కింది నుంచి మనుషులు కొండ మీదికి రావడం కొత్త కాదు. ఉప్పు మోసుకుని వ్యాపారి వచ్చాడు. అప్పు కాగితం పట్టుకుని షావుకారు వచ్చాడు. తుపాకీతో దొర, గొలుసుతో సర్వేయరు, గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకుని కలప కాంట్రాక్టరు వచ్చారు. ఇప్పుడు కెమెరాతో టూరిస్టు వస్తున్నాడు. ఈ వరుసలో టూరిస్టు చివరివాడు, మిగతావాళ్లకంటే మెత్తనివాడు. కానీ ఆయన ఎక్కి వచ్చే రోడ్డుకు ఒక చరిత్ర ఉంది. అది తెలియకుండా 'పర్యాటకంతో గ్రామాభివృద్ధి' అన్న మాటను మనం మంచిదనీ అనలేం, చెడ్డదనీ అనలేం.

ఈ చరిత్రను చూడడానికి చోడవరం సరైన చోటు. రంపచోడవరం కాదు, పాత విశాఖపట్నం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన మన చోడవరం. అనకాపల్లిలో బయలుదేరిన బస్సు చోడవరం, మాడుగుల దాటి ఘాటీ ఎక్కి పాడేరు చేరుతుంది. కింద చెరుకు, బెల్లం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. పైన కాఫీ, మిరియం, పసుపు. పైనున్న పదకొండు మండలాలు ఐదో షెడ్యూలు ప్రాంతం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. కింద ఉన్నది మైదానం. ఈ రెంటికీ నడుమ కొండ అంచున, కాగితాల్లో మైదానంలోనూ బతుకులో మన్యంలోనూ ఉన్న ఆదివాసీ ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఊళ్ల సంగతి చివర చెప్పుకుందాం.

భుజాల మీద వచ్చిన యాత్రికులు

1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 24వ చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తీసేసి, కలెక్టరునే 'ఏజెంటు'గా పెట్టి ఆయన చేతికి ఇచ్చింది. మన ప్రాంతాన్ని ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటున్నది అందుకే. ఆ ఏజెంటూ, ఆయన కింది అధికారులూ కొండ ఎక్కాలంటే మోటారు రోడ్లు లేవు. గుర్రం వెళ్లని చోట పల్లకీ కావాలి. పల్లకీ మోయడంలో గదబవాళ్లు గట్టివాళ్లని ఆనాటి ఇంగ్లీషు రాతల్లో మెచ్చుకుంటూ రాసుకున్నారు. మన్యం అందాలు చూసి రాసిన మొదటి యాత్రికులు అలా మన భుజాల మీద ఎక్కి వచ్చినవాళ్లే. కొండల వర్ణన వాళ్ల పుస్తకాల్లో పేజీల కొద్దీ ఉంది. మోసినవాడి పేరు లేదు.

మోయడం ఇప్పటికీ ఆగలేదు. రోడ్డు లేని గూడెంలో పురిటి నొప్పులు వస్తే ఇప్పటికీ డోలీ కట్టాల్సిందే. వ్యూ పాయింటు దాకా తారు పడిన కొండ మీదే, దానికి ఎగువన ఉన్న గూడేనికి మట్టి బాట కూడా లేకపోవచ్చు. పర్యాటకంతో అభివృద్ధి అన్నప్పుడు మనం మొదట అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఆ రోడ్డు ఎక్కడి దాకా వేస్తున్నారు? ఎవరి కోసం వేస్తున్నారు?

లంబసింగి రోడ్డు ఈ ప్రశ్నకు పెద్ద పాఠం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు పని తెల్లదొరల కాలంలో జరిగింది. గూడెంలో డిప్యూటీ తాశీల్దారుగా ఉన్న బాస్టియన్ ఆ పనికి కొండ జనాన్ని బలవంతంగా తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు తిరిగితే కొట్టించాడు. అప్పటికే అటవీ చట్టం వచ్చి పోడు మీద, కట్టెపుల్ల మీద ఆంక్షలు పెట్టింది. ముఠాదార్ల పాత హక్కులు ఒక్కొక్కటే పోతున్నాయి. గాం గంటం దొర, గాం మల్లు దొర వంటివాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఈ రోడ్డు పని కూడా ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి ఆయుధాలు తీసుకున్నారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. మల్లు దొర శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఇదే ఘాటీలో కార్లు బారులు తీరుతున్నాయి. మంచులో ఫోటోలు దిగుతున్నారు. ఆ రాళ్లు కొట్టింది ఎవరో, ఎంత కూలికి కొట్టారో, ఆ కూలి డబ్బుల దగ్గర మొదలైన కోపం ఎక్కడి దాకా వెళ్లిందో వాళ్లలో ఎంతమందికి తెలుసు? వాళ్ల సంగతి అలా ఉంచుదాం. మన బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఎంతమంది చెప్పగలరు?

ఇనుము కోసం వేసిన రైలు

అరకు అందాలకు రైలును తలుచుకోని వాళ్లుండరు. 58 సొరంగాలు దాటుతూ కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే ఆ లైను 1960ల్లో వేసినది. అది మనల్ని మోయడానికి వేసింది కాదు, టూరిస్టుల కోసమూ కాదు. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు పంపడానికి వేశారు. ప్రయాణికుల బండి దాని మీద తోకలా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో అదే లైను మీద అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ వేశారు. అదే ఏడాది నవంబరులో అరకులో బెలూన్ పండుగ జరిగింది. 2025లో చలి ఉత్సవాలు జరిపారు. కొండ అదే. ఖనిజం మోసే లైనే చూపులు మోసే లైనుగా కూడా మారింది.

ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఆ రైలే మన పిల్లల్ని విశాఖ కాలేజీలకు తీసుకెళ్లింది. కానీ ఒక వరుస మనం గమనించాలి. రోడ్డు తెల్లదొరల పోలీసు కోసం, కలప కోసం. రైలు ఇనుము కోసం. ఆ రెండూ పడ్డాక వాటి మీదుగా పర్యాటకం వచ్చింది. మన అవసరం ముందు పెట్టి వేసిన దారి ఏదీ ఈ వరుసలో లేదు. అందుకే పర్యాటకం మన ఊరిని బాగుచేస్తుందని ఎవరైనా చెప్పినప్పుడు మన పెద్దలు వెంటనే తల ఊపరు. అది వెనకబాటుతనం కాదు, అనుభవం.

బొర్రా: కనుగొన్నది ఎవరు, టికెట్టు ఎవరిది

బొర్రా గుహల గురించి ఏ పుస్తకం తెరిచినా ఒకే వాక్యం కనపడుతుంది. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో వీటిని కనుగొన్నాడని. మన ఉపాధ్యాయులు ఈ వాక్యాన్ని పిల్లల చేత బట్టీ పట్టించే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. భూగర్భ సర్వే సంస్థ పుట్టింది 1851లో. పుట్టని సంస్థ నుంచి మనిషి ఎలా వచ్చాడు? ఒకరు రాసినదాన్ని చూసి మరొకరు రాసుకుంటూ పోతే చరిత్ర ఇలాగే తయారవుతుంది.

మనవాళ్లు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు పైన ఉన్న కంతలోంచి గుహలో పడిపోయింది. కాసేవాడు వెతుక్కుంటూ దిగాడు. లోపల శివలింగం లాంటి రాయి కనపడింది. ఆవు పొదుగు నుంచి పారినట్టుగా ఉందని ఆ నీటికి గోస్తనీ అని పేరు వచ్చింది. ఈ కథను చరిత్ర అని ఎవరూ అనరు. కానీ ఇందులో ఒక నిజం ఉంది. గుహలోకి మొదట దిగినవాడు పశువులు కాసేవాడు. ఏ సర్వేయరు వచ్చినా దారి చూపడానికి అలాంటివాడు ఒకడు ముందు నడిచే ఉంటాడు.

ఇప్పుడు గుహల నిర్వహణ రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది. లోపల రంగు దీపాలు, మెట్లు, టికెట్ల కిటికీ ఉన్నాయి. బయట బొంగు చికెన్ పొయ్యిలు, కాఫీ పొట్లాలు, మొక్కజొన్న కంకులు. ఆ పొయ్యిల దగ్గర సంపాదించిన డబ్బుతో పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు ఉన్నాయి. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే పొయ్యి దగ్గర వచ్చేది ఆ రోజు కూలి. టికెట్టు దగ్గర వచ్చేది ఊరి ఆస్తి మీద రాబడి. ఈ రెంటికీ ఉన్న తేడా మనం పిల్లలకు చెప్పాలి.

ఆ తేడాను దేశమంతటికీ తెలియజేసింది కూడా బొర్రా పంచాయతీయే. గుహల చుట్టుపక్కల కాల్సైటు గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చినప్పుడు అక్కడి ఆదివాసులు ఎదురు నిలిచారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వ భూమిని లీజుకివ్వడానికి కూడా వీల్లేదని, చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే' అని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. గిరిజనుల సహకార సంఘాలకు ఇవ్వవచ్చని అన్నారు. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా తీర్పులో ఉంది. అది గనుల గురించి చెప్పిన మాట. కానీ మన కొండ మీద వచ్చే రాబడిలో మనకు వాటా ఉండాలన్న న్యాయం గనికి ఒకటి, గుహకు ఒకటి కాదు.

ఇంకో సంగతి. 2015లో 97వ నంబరు జీవోతో చింతపల్లి అడవిలో బాక్సైటు తవ్వకానికి భూమి కేటాయించారు. జనం గట్టిగా వ్యతిరేకించారు. 2019లో ఆ జీవో రద్దయింది. కొండలు కొండలుగా మిగిలింది ఆ పోరాటాల వల్ల. ఈ రోజు మేఘాలు చూడడానికి వచ్చే టూరిస్టు ఆ పోరాటానికి బాకీ ఉన్నాడు.

థింసా: పండుగ నుంచి వేదిక మీదికి

అరకు అనగానే థింసా గుర్తొస్తుంది. ఎర్రంచు చీరలు, నడుముల వెనుక చేతులు పెనవేసుకున్న వరుస, డప్పు, తుడుం, మోరి, కిరిడి, జోడు కొమ్ములు. రిసార్టుల్లో నెగడు చుట్టూ అరగంట ఆడితే ఒక లెక్క, గంట ఆడితే ఒక లెక్క. టూరిస్టులకు థింసా ఒకటే. మనకు అనేకం. ఊరి దేవత ముందు ఆడే బోడ థింసా వేరు. ఆకులు ఏరుకునే పని చూపే పొతర్ తోల థింసా వేరు. పులి మీద పడినప్పుడు అందరూ కలిసి ఎదుర్కొనే బాగ్ థింసా వేరు. పూనకం వచ్చిన గురువును పట్టి ఉండే బాయ థింసా వేరు. వీటిలో కొన్ని ఎవరి ముందైనా ఆడవచ్చు. కొన్నింటికి కాలం, చోటు, కారణం ఉన్నాయి.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు వెళతారు. ఆడవాళ్లూ పిల్లలూ దారికి అడ్డంగా కర్రో తాడో కట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, ఆడి పాడి డబ్బులు అడుగుతారు. కొందరు కారులోంచి తిడతారు, కొందరు నవ్వుతూ ఇస్తారు. ఆ తాడును మనం మామూలు వసూలుగా చూడకూడదు. ఈ దారి మా ఊరి మీదుగా పోతోంది, మమ్మల్ని పలకరించి వెళ్లు అని చెప్పే పద్ధతి అది. ఏడాదిలో ఆ కొద్ది రోజులు ఆపే హక్కు, అడిగే హక్కు, వదిలే హక్కు ఊరి ఆడవాళ్ల చేతిలో ఉంటాయి. మిగతా రోజుల్లో అవి ఎవరి చేతిలో ఉన్నాయో ఆలోచించాలి.

1996లో అరకులో గిరిజన మ్యూజియం పెట్టారు. అందులో మన ఇళ్లు, మన పనిముట్లు, మన పెళ్లి, మన సంత బొమ్మలుగా ఉన్నాయి. చూడదగ్గదే. కానీ అద్దం వెనక నిలబెట్టిన బొమ్మ మాట్లాడదు, ఇప్పుడు బతికి ఉన్న మనిషిలా తన మాట తను చెప్పదు. బయట నిలబడ్డ మనల్ని కూడా కొందరు అలాగే చూస్తారు. పేరు అడగకుండా ఫోటో తీస్తారు.

చూపడం నుంచి నేర్పడానికి

2000లో గ్రెగ్ రిచర్డ్స్, క్రిస్పిన్ రేమండ్ అనే ఇద్దరు 'సృజనాత్మక పర్యాటకం' అన్న మాట వాడారు. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోవడం కాకుండా, ఆ ఊరివాళ్ల దగ్గర కూర్చుని ఏదో ఒక పని నేర్చుకుని వెళ్లడం దాని అర్థం. కుండ చేయడం, నేయడం, వండడం, పాడడం ఏదైనా కావచ్చు. ఇందులో ఊరివాడు గురువు, వచ్చినవాడు శిష్యుడు. మన చరిత్రను బట్టి చూస్తే ఇది చిన్న మార్పు కాదు. పల్లకీ మోసినప్పుడు మనం కూలీలం. గుహలో దారి చూపినప్పుడు తోడు మనుషులం. వేదిక మీద ఆడినప్పుడు వినోదం. నేర్పేవాళ్లుగా మనల్ని ఎవరూ పిలవలేదు.

దగ్గర్లో దీనికి ఉదాహరణ ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మ కొనడానికే కాదు, ఎలా చేస్తారో చూసి నేర్చుకోవడానికి కూడా జనం అక్కడికి వెళతారు. ఆ కళ మనది కాదు. కానీ దానికి కావలసిన అంకుడు మన వైపు అడవుల చెట్టే. చెట్టు పోతే బొమ్మ లేదు. కళను నిలబెట్టాలంటే అడవిని నిలబెట్టాలని ఆ ఊరు మనకు చెబుతోంది.

తెలంగాణలోని పోచంపల్లి మరో పాఠం. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకుంది. 1951లో వినోబా భావే భూదానం మొదలైంది అక్కడే. అయితే పోచంపల్లి టూరిస్టుల కోసం మగ్గం పెట్టుకోలేదు. ముందు మగ్గం ఉంది, చీరకు బజారు ఉంది, ఆ పేరు విని తర్వాత టూరిస్టు వచ్చాడు. టూరిస్టు రాకపోయినా మగ్గం ఆడుతుంది. మన కాఫీ కూడా అలాంటిదే. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో ప్యారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. పండు కోయడం, పులియబెట్టడం, ఎండబెట్టడం, వేయించడం ఒక టూరిస్టుకు రెండు రోజులు నేర్పవచ్చు. నేర్పినందుకు రుసుము తీసుకోవచ్చు. ఆయన రాని వానాకాలంలోనూ కాఫీ మనకు అన్నం పెడుతుంది. గదబ ఆడవాళ్లు నార తీసి నేసిన కెరంగు చీర విషయంలో అలా జరగలేదు. నేసేవాళ్లు తగ్గిపోయాక చీర మ్యూజియంలోకి వెళ్లింది. పని బతికి ఉండగానే నేర్పాలి.

కానీ నేర్పడానికి కూడా మూడు షరతులు ఉన్నాయి. ఏది నేర్పాలో, ఏది నేర్పకూడదో ఊరే తేల్చుకోవాలి. బోడ థింసా దేవతది. దాన్ని నెగడు దగ్గర అమ్మకూడదని ఊరు అనుకుంటే అదే చివరి మాట కావాలి. రెండోది, ధర మనం పెట్టాలి, నడుమ మనిషి కాదు. మూడోది అన్నింటికంటే పెద్దది, నేల మన చేతిలో ఉండాలి.

కొండ అంచు ఊళ్లకు కాపలా ఏది?

షెడ్యూలు ప్రాంతంలో నేలకు 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ కాపలా కాస్తున్నాయి. మనం 1/70 అని పిలిచేది ఇదే. చాలామందికి అమ్మకం తప్పని తెలుసు, లీజు తప్పని తెలియదు. ఆ చట్టం ప్రకారం తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ బదలాయింపే. గిరిజనుడి పేరు బోర్డు మీద పెట్టి, లోపల వేరేవాళ్లు నడిపే టెంటులు, గదులు చట్టం కళ్లకు గంతలు కట్టడమే. దీని మీద పాడేరు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. పదో పదిహేనో వేలు నెలకు వస్తున్నాయని సంతకం పెట్టే కుర్రాడు, ఆ సంతకంతో తన తాత పోట్లాడి నిలబెట్టుకున్న గోడకు కన్నం పెడుతున్నాడు. ఈ చట్టం వల్ల పెట్టుబడి రాదని, అభివృద్ధి ఆగిపోతోందని మన యువకులే కొందరు అంటున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయకూడదు. బ్యాంకు అప్పు దొరక్క సొంతంగా నాలుగు గదులు కట్టుకోలేని బాధ నిజమైనదే. దానికి మందు మనకు అప్పు ఇప్పించడం. భూమి విడిచిపెట్టడం కాదు.

చోడవరం వైపు ఉన్న ఊళ్లకు ఈ కాపలా కూడా లేదు. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట మండలాల కొండ అంచుల్లో ఆదివాసీ ఊళ్లు ఉన్నాయి. అవి ఐదో షెడ్యూలులో లేవు. అక్కడ 1/70 వర్తించదు, 1996 నాటి పెసా చట్టం వర్తించదు. వాటిని షెడ్యూలులో చేర్చమని ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాం. ఇంతలో రైవాడ, కోనాం, కళ్యాణపులోవ జలాశయాల చుట్టూ జనం సెలవు రోజుల్లో రావడం పెరిగింది. నీళ్లు, కొండ, పచ్చదనం ఉన్న చోట నేల ధర ఊరుకోదు. అక్కడ మనవాళ్ల చేతిలో ఉన్నది చాలా చోట్ల డి-పట్టా. అసైన్డు భూముల బదలాయింపును ఆపే 1977 నాటి చట్టాన్ని 2023లో సవరించాక ఆ కాపలా కూడా సడలింది. అక్కడ మిగిలిన బలమైన ఆయుధం 2006 అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూలు గీత చూడదు. అడవి మీద ఆధారపడిన ఆదివాసీ ఊరు ఎక్కడున్నా సామూహిక హక్కు అడగవచ్చు. జలపాతం, కొండ నెత్తి, దేవత చెట్టు ఉన్న అడవికి ముందు సామూహిక హక్కు పత్రం సంపాదించిన ఊరు, తర్వాత వచ్చే టూరిస్టుతో యజమానిలా మాట్లాడగలదు.

బడిలో, గ్రామసభలో

ఉపాధ్యాయులుగా మనం చేయగల పని ఒకటి ఉంది. ప్రతి ఊరి బడిలో పిల్లల చేత ఊరి చరిత్ర రాయించాలి. ఊరి పేరు ఎలా వచ్చింది, దారి ఎవరు వేశారు, ఏ వాగు ఏ పేరుతో పారుతుంది, ఏ పాట ఏ పండుగది, ఏ చెట్టు దేనికి పనికొస్తుంది. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు ఏ మాటలో చెబితే ఆ మాటలో, తెలుగు లిపిలో రాసుకోవచ్చు. రేపు టూరిస్టుకు కథ చెప్పే గైడు ఆ పుస్తకం చదివిన మన పిల్లే కావాలి. లేకపోతే 1807 కథే మళ్లీ చెబుతారు.

యువకులు చేయగల పని ఇంకొకటి ఉంది. ఊళ్లోకి పర్యాటకం పేరుతో ఏ పథకం వచ్చినా గ్రామసభలో ఐదు ప్రశ్నలు అడిగి, జవాబులు తీర్మానం పుస్తకంలో రాయించాలి. నేల ఎవరి పేరున ఉంటుంది? టికెట్టు డబ్బులో ఊరికి ఎంత, ఏ ఖాతాలో, ఎప్పుడు పడుతుంది? చెత్త ఎవరు ఎత్తుతారు, నీళ్లు ముందు ఎవరికి? ఉద్యోగాల్లో ఊరివాళ్లు వాచ్‌మన్‌గానే ఉంటారా, లెక్కలు చూసే చోట కూడా ఉంటారా? నచ్చకపోతే ఆపమని చెప్పే హక్కు ఎవరికి ఉంటుంది?

జవాబు రాని ప్రశ్న ఒక్కటి ఉన్నా సంతకం పెట్టవద్దు. జవాబులన్నీ రాతలో వస్తే తలుపు తీయండి. వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వండి, కాచడం కూడా నేర్పండి, నేర్పినందుకు డబ్బు తీసుకోండి.